శరత్కాలపు పలకరింపులు



ఈ పూట నేను ప్రసంగింపబూనిన విషయము చాల చిన్నది. ఇరువురు మనుష్యులు ఎదురుపడినప్పుడు యోగక్షేమముల వెంట వచ్చు మొదటి మాట ఏది? వాన, ఎండ, చలి. ఈ మూటిని గూర్చిన మాటయే. అందును శరదృతువు నాడు మన ఓరుగల్లు ప్రాంతమున జరుగు పలకరింపులను, మన బిడ్డలు నివసించు పరదేశములలో అదే కాలమున జరుగు పలకరింపులను ప్రక్కప్రక్కన నిలిపి చూపవలెనని నా సంకల్పము.

వాతావరణమును గూర్చిన మాటను ఊసుపోక మాట యని చదువుకొన్నవారు కొందరు చులకన చేయుదురు. వేరొక సంగతి లేనివారే వానను గూర్చి మాటలాడుదురని వారి యభిప్రాయము. ఇరువు రాంగ్లేయులు కలిసికొన్నచో మొట్టమొదట ప్రస్తావించునది వాతావరణమే యని శామ్యూల్ జాన్సన్ అను ఆంగ్ల పండితుడు 1758వ సంవత్సరముననే వ్రాసెను. ఒకరికొకరికి ముందే తెలిసిన దానినే తొందరపడి చెప్పుకొందురని ఆయన పరిహాసము. ఆ పరిహాసము లండను నగరమునకు చెల్లిన చెల్లుగాక, మన పల్లెకు చెల్లదు. లండను వీధిలో వాన కురిసినచో గొడుగు తడియును. మన ఊరిలో కోతల వేళ వాన కురిసినచో కల్లములోని వడ్లు తడియును. గొడుగు మరునాటికి ఆరును. తడిసి మొలకెత్తిన వడ్లు మరల వడ్లు కావు.

మన పూర్వులకు ఋతువే కాలమానము. వర్షము అను శబ్దమునకు వాన యనియు, సంవత్సర మనియు రెండర్థములు కలవు. శరత్తునకును అంతే. అమరకోశము శరచ్ఛబ్దమును సంవత్సర వాచకములలో చేర్చి చదివినది. నిండు నూరేండ్లు బ్రతుకుమని దీవింపదలచిన వైదికులు నూరు శరత్తులను కోరిరి. ఏల శరత్తునే కోరిరి? నాకు తోచిన కారణ మొకటి చెప్పెదను. వానకాలమున వరదలు, విషజంతువులు, జ్వరములు అన్నియు కలవు. నిలువచేసిన గింజలు అడుగంటియుండును. క్రొత్త పంట ఇంకను చేతికి రాదు. ఈ యిక్కట్టులను దాటి శరత్తును చూచినవాడు ఆ యేటికి గట్టెక్కినట్లే. కావున శరత్తును లెక్కించుట యనగా గట్టెక్కిన యేండ్లను లెక్కించుటయే.

రామాయణమున కిష్కింధాకాండమును చదివినవారికి మరియొక విషయము స్ఫురింపవలెను. వాలివధానంతరము సుగ్రీవునకు పట్టము కట్టిరి. వానలు వచ్చినవి. వానలలో సేనలు కదలరాదు గనుక శ్రీరాముడు ప్రస్రవణ పర్వతమున ఆ కాలమెల్ల వేచియుండెను. పిమ్మట మబ్బులు విడిపోయినవి, ఏళ్లు తేరినవి, వెన్నెల కాచినది. రాముడు లక్ష్మణునితో శరత్తును వర్ణించి చెప్పెను. వినుటకు అది ఋతువర్ణనమే. దాని లోపలి మాట మాత్రము వేరు. వాన వెలిసినది, దారులు ఆరినవి, సుగ్రీవు డిచ్చిన మాట ఏమాయెను? అటుపిమ్మట లక్ష్మణుడు కిష్కింధకు బయలుదేరెను. ఋతువు మారినదని యొక పెద్దమనుష్యుడు పలికినచో, చేయవలసిన పని యొకటి యున్నదని అర్థము. మన రైతు నోట వచ్చు వాన మాటలోను ఉన్నది ఈ యర్థమే.

ఇక మన ఇంటి సంగతికి వత్తము. ఆశ్వయుజ కార్తికములు రెండును శరత్తు. వరంగల్లు ప్రాంతమున ఏటికి ఇంచుమించు 1000 మిల్లీమీటర్ల వాన కురియును. అందు ముప్పాతిక భాగమునకు మించి జూన్ మొదలు సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలలో నైరుతి గాలి తెచ్చి యిచ్చునదే. అక్టోబరు నడుమ నాటికి ఆ గాలి మన ప్రాంతమును విడిచి మరలిపోవును. అప్పటినుండి ఈశాన్యపు గాలి తిరుగును.

ఈ మార్పును మన పెద్దలు కార్తెలతో లెక్కించిరి. సూర్యుడు ఒక్కొక నక్షత్రమున పదమూడు, పదునాలుగు దినములుండును. సెప్టెంబరు నడుమ ఉత్తర, నెల చివర హస్త, అక్టోబరు రెండవ వారమున చిత్త, నాలుగవ వారమున స్వాతి, నవంబరు మొదటి వారమున విశాఖ ప్రవేశించును. ‘ఉత్తర చూచి ఎత్తర గంప’ అను సామెత మీలో వినని వారుండరు. ఉత్తర కార్తె నాటికిని వానలు లేకున్నచో ఇక గంప నెత్తిన బెట్టుకొని ఊరు విడువుమని దాని భావము. ఆ నాలుగు మాటలలో ఒక కరవు చరిత్ర యంతయు ఇమిడియున్నది. ‘చిత్త చినుకు చిత్తమున్న చోట పడును’ అనునది మరియొక సామెత. నైరుతి గాలి మరలిపోవు వేళ దేశమంతట పరచుకొన్న మబ్బు ఉండదు. మధ్యాహ్నపు ఎండకు అక్కడక్కడ ఉరుముల మేఘములు పుట్టి ఒక చేనిని తడిపి, గట్టు కవతలి చేనిని విడుచును. నేటి వాతావరణ శాస్త్రజ్ఞులు చెప్పునదియు ఇదియే. సామెతను కట్టినవాడు యంత్రములు లేకయే చూచి చెప్పెను.

ఈ కాలమున మన ఊళ్లలో వినబడు పలకరింపులను గమనింపుడు. ‘చెరువు మత్తడి దుంకిందా?’ అని యొకడడుగును. పాకాల, రామప్ప, లక్నవరము మొదలుగా గల కాకతీయుల కాలపు చెరువులున్న ఈ దేశమున ఆ ప్రశ్న మిక్కిలి లోతైనది. క్రీ.శ. 1213 నాటి శాసనము గల రామప్ప గుడిని కట్టించిన రేచర్ల రుద్రుడే అచటి చెరువును కట్టించెను. గుడికొక చెరువు, చెరువు క్రింద ఒక ఊరు, ఇది ఆనాటి వారి యేర్పాటు. చెరువు నిండి మత్తడి మీదుగా నీరు దుమికినచో ఆ వానకాలపు పంటకేగాక యాసంగి పంటకును భరోసా కలిగినట్లు. కావున ‘మత్తడి దుంకిందా’ యని యడిగినవాడు రాబోవు ఆరు నెలల అన్నమును గూర్చి యడుగుచున్నాడు.

మన ఆడుబిడ్డలకు శరత్తు పూలతో వచ్చును. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ మొదలు ఆశ్వయుజ శుద్ధాష్టమి నాటి సద్దుల బతుకమ్మ వరకు తొమ్మిది దినములు. తంగేడు, గునుగు, బంతి, చామంతి, గుమ్మడి, ఇవియన్నియు వాన తాగి ఎండ చూచిన పూలు. గునుగు చేలలో తనంతట తాను మొలచు కలుపు మొక్క; తంగేడు బంజరున పూచు పొద. ఎవడును విత్తని పూలను తెచ్చి పేర్చి పండుగ చేయుట ఈ దేశపు విశేషము. 2014వ సంవత్సరమున ఇది తెలంగాణ రాష్ట్ర పండుగ యైనది. హనుమకొండ పద్మాక్షి గుట్ట క్రింద గుమిగూడు స్త్రీలు పూల ధరను గూర్చి మాటలాడుకొనుచుందురు. ‘ఈసారి గునుగు దొరుకుత లేదు’ అని ఒకామె యన్నచో వానలు సరిగా కురియలేదనియో, చేలలో కలుపు మందు ఎక్కువగా చల్లిరనియో గ్రహింపవలెను. పూల మాటలోను చేని సమాచారమున్నది.

తరువాతి మాట పత్తి. మన జిల్లాలలో జూన్, జూలై నెలలలో విత్తిన పత్తి అక్టోబరులో పగులనారంభించును. శరత్తులో రాత్రి మంచు కురియును. తెల్లవారగనే చేను తెల్లగా కన్నులపండువుగా నుండును గాని ఆ వేళ పత్తి ఏరరాదు. మంచు ఆరి ఎండ ఎక్కిన పిమ్మటనే ఏరవలెను. ఏలయనగా ధర తేమను బట్టి యుండును. భారత పత్తి సంస్థ వారు తేమ 8 శాతమునకు లోపల నున్నచో పూర్తి మద్దతు ధర ఇత్తురు. అంతకు మించినచో కోత విధింతురు. 12 శాతము దాటినచో కొననే కొనరు. వడ్లకును ఇట్టి నియమమే. కొనుగోలు కేంద్రమున 17 శాతమునకు మించిన తేమ పనికిరాదు. ఏనుమాముల మార్కెట్టు తోవలో పత్తి బండి తోలుకొనిపోవు రైతు ఆకసము వంక చూచి ‘మబ్బు పట్టినట్టున్నది’ అని యన్నచో అది కవిత్వము కాదు, ఊసుపోక మాటయు కాదు. ఆతడు తన యింటి సంవత్సరాదాయమును గూర్చి పలుకుచున్నాడు.

శరత్తు నిర్మలమైన ఋతువని కావ్యములు చెప్పును. నిజమే కాని మన తెలుగు దేశమున ఆ నిర్మలత్వమునకు ఒక లోపము కలదు. భూమి త్వరగా చల్లబడును. సముద్రము మెల్లగా చల్లబడును. అక్టోబరు, నవంబరు నెలలలో బంగాళాఖాతపు నీరు వెచ్చగనే యుండును. ఆ వేడిమి వాయుగుండములకు బలమిచ్చును. 1977 నవంబరు 19వ తేదీ నాటి దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేలమంది మరణించిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును కూల్చివేసినట్లు చేసెను. ఇవి తీరపువారి కష్టములు, సముద్రమునకు దూరమున నున్న మనకేమి యని యోరుగల్లువారు అనుకొనుట కలదు. 2025వ సంవత్సరము ఆ ధైర్యమును తొలగించినది. అక్టోబరు 28వ తేదీ రాత్రి నరసాపురమునకు సమీపమున తీరము దాటిన మొంథా తుఫాను మరునాడు మన మీదికి వచ్చినది. వరంగల్లు, హనుమకొండలలో కాలనీలు నీట మునిగినవి. పల్లెలలో కోతకు వచ్చిన వరి నేలకొరిగినది, ఆరబోసిన వడ్లు కొట్టుకొనిపోయినవి, పగిలిన పత్తి చేనులోనే నల్లబడినది. అది స్వాతి కార్తె. నిర్మలాకాశమును వర్ణించుకొనవలసిన రోజులు.

ఈ సందర్భమున ఒక మాట మనవి చేయుదును. తుఫాను వచ్చునని వాతావరణ శాఖ ముందుగనే చెప్పును. ఆ భాష మనకు తెలియవలెను. వారు నాలుగు రంగులతో హెచ్చరింతురు. ఆకుపచ్చ యనగా భయము లేదు. పసుపు పచ్చ యనగా కనిపెట్టియుండవలెను. నారింజ రంగు సిద్ధపడుమని చెప్పును. ఎరుపు వెంటనే తగిన పని చేయుమని చెప్పును. ఇరువదినాలుగు గంటలలో 64.5 మిల్లీమీటర్లు దాటినది భారీ వర్షము, 115.5 దాటినది అతి భారీ వర్షము, 204.4 దాటినది అత్యంత భారీ వర్షము. భారీ, అతి భారీ, అత్యంత భారీ యను మాటలు చెవికి ఒక్కటిగనే తోచును గాని వాని నడుమ గల భేదము, వడ్ల కుప్పపై పరదా కప్పుటకును, కుప్పనే మెరకకు తరలించుటకును గల భేదమంత. కార్తెలు తెలిసిన పెద్దలు ఈ రంగులను కూడ నేర్చుకొన్నచో ఊరికి రెండు కన్నులు ఉన్నట్లగును. కార్తె ఏటేట జరుగుదానిని చెప్పును. రంగు రేపు జరుగబోవుదానిని చెప్పును.

ఇక పరదేశముల సంగతి. నేడు పల్లెలలో సైతము ఒక బిడ్డయైన దూరదేశమున లేని వీధి అరుదు. ఆ బిడ్డతో ఫోనులో మాటలాడునప్పుడు మొదట వచ్చునది వాతావరణమే. ‘అక్కడ చలి ఉన్నదా బిడ్డా?’ అని తల్లి అడుగును. ‘వానలు పడ్డయా బాపూ?’ అని కొడుకడుగును. ఈ రెండు ప్రశ్నలును క్షేమవిచారణలే. అయితే అక్కడి ఋతువు ఎట్టిదో ఎరుగక అడిగినచో మాట ముందుకు సాగదు.

ముందుగా పడమటి దిక్కునకు, గల్ఫు దేశములకు పోదము. శరత్తులో తెల్లవారుజామున లేచి దక్షిణ దిక్కును చూచినచో దిఙ్మండలమునకు కొంచెము పైన ఒక గొప్ప నక్షత్రము వెలుగుచుండును. అదియే అగస్త్యుడు. రాత్రి ఆకాశమున మృగవ్యాధ నక్షత్రము తరువాత అంతటి కాంతి గలది వేరొకటి లేదు. వానల మధ్యనే అది ఉదయించును గాని మబ్బులచే మనకు కనబడదు. ఆశ్వయుజమున స్పష్టముగా చూడవచ్చును. అగస్త్యోదయమున నీరు తేరునని మన పెద్దల మాట. కాళిదాసు రఘువంశమున నాలుగవ సర్గలో రఘుమహారాజు దిగ్విజయమునకు బయలుదేరు వేళ ఈ ముచ్చటను చెప్పెను. ఆ నక్షత్రమునే అరబ్బులు సుహేల్ అందురు. ఆగస్టు చివరి వారమున వారి దేశమున అది తెల్లవారుజామున తొలుదొల్త కనబడును. అది కనబడినచో మహాగ్రీష్మము విరుగ మొదలిడినదని వారి సంప్రదాయము. చూచితిరా! మనకు నీరు తేరుటకు గురుతైన చుక్కయే వారికి ఎండ విరుగుటకు గురుతు.

జగిత్యాల, నిజామాబాదు, కరీంనగరు, సిరిసిల్ల ప్రాంతములనుండి వేలకొలది మన వారు ఆ చుక్క క్రింద కట్టడపు పనులు చేయుచున్నారు. ఐక్య అరబ్బు ఎమిరేట్లలో జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు నడిమధ్యాహ్నపు ఎండలో ఆరుబయట పని చేయించుట నిషిద్ధము. ఆ గడువు తీరిన పిమ్మట మధ్యాహ్నపు పని మరల మొదలగును. అయినను సెప్టెంబరు చివర నాటికి అచట ఎండ పూర్తిగా తగ్గదు. కాబట్టి ఆశ్వయుజ మాసమున దుబాయిలో నున్న కొడుకును ‘ఎండ తగ్గిందా? పగటిపూట నీళ్లు తాగుతున్నవా?’ అని యడిగిన తండ్రి మిక్కిలి తెలిసిన తండ్రి. అది వాతావరణపు ముచ్చట వలె కనబడును గాని, ఆ కుర్రవాని ప్రాణమునకు సంబంధించిన మాట.

అచటినుండి అమెరికాకు పోదము. ఇక్కడ భాషాపండితుడనగు నాకు రెండు చిక్కులు కనబడుచున్నవి. మొదటిది మంచు అను మాట. గడ్డిపరకపై నిలుచు బిందువు మంచు. తెల్లవారుజామున దారి కనబడనీయనిది పొగమంచు. కొండలపై దూదివలె కురిసి గట్టిపడునదియు మంచే. సంస్కృతమున నీహారము, తుషారము, తుహినము, హిమము, ప్రాలేయము అని పలు పేర్లు కలవు గాని మన నోట అన్నిటికిని మంచు ఒక్కటే. అక్టోబరులో నాయనమ్మ ఫోనులో ‘మంచు పడుతున్నదా?’ అని యడుగును. ఆమె మనస్సులో నున్నది పత్తి చేని మంచు. టెక్సాసులో నున్న మనుమడు దూదిమంచు అనుకొని ‘ఇక్కడ ఇంకా ఎండగానే ఉన్నది నాయనమ్మా’ అని నవ్వును. ఆ నవ్వు ఎందులకో ఆమెకు తెలియదు.

రెండవ చిక్కు వేడిమి లెక్క. మనము సెల్సియసు మానమున చెప్పుకొందుము. అమెరికావారు ఫారన్‌హీటు మానమున చెప్పుకొందురు. ‘ఈరోజు యాభై డిగ్రీలే, వణుకు పుడుతున్నది’ అని మనుమడన్నచో తాతకు గుండె ఆగినంత పనియగును. మనకు మే మాసమున నలువదియైదు డిగ్రీలకే పిట్టలు రాలును గదా! వారి యాభై మన పది. వారి ముప్పదిరెండు మన సున్న, అనగా నీరు గడ్డకట్టు చోటు. వారు చెప్పిన అంకెనుండి ముప్పది తీసివేసి సగము చేసినచో మన లెక్కకు ఇంచుమించుగా వచ్చును. ఈ చిన్న సూత్రము చీటిపై వ్రాసి గోడకు అంటించుకొన్నను తప్పు లేదు.

మూడవ సంగతి గడియారము. శరత్తులో ఆ దేశములందు పగలు త్వరత్వరగా కృశించును. లండనులో జూన్ నెలలో పదునారున్నర గంటలుండు పగలు డిసెంబరు నాటికి ఎనిమిది గంటలకు లోపల పడిపోవును. మన ఓరుగల్లులో పగటి పెద్దచిన్నలకు గల భేదము రెండు గంటల కొంచెము మాత్రమే. కావున చలికంటె చీకటియే మన బిడ్డలను అచట ఎక్కువగా క్రుంగదీయును. ఉదయపు వెలుతురు పొందుటకై ఇంగ్లండులో అక్టోబరు చివరి ఆదివారమునను, అమెరికాలో చాల భాగమున నవంబరు మొదటి ఆదివారమునను గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుదురు. మన గడియారము కదలదు. కావున లండనునకు మనకు గల నాలుగున్నర గంటల యెడము అయిదున్నర యగును. న్యూజెర్సీకి తొమ్మిదిన్నర పదిన్నర యగును. డల్లసునకు పదిన్నర పదకొండున్నర యగును. కాలిఫోర్నియాకు పన్నెండున్నర పదమూడున్నర యగును. కార్తిక మాసమున కొడుకు పిలుపు ఒక గంట ఆలస్యమైనచో మరచెననుకొని మనస్సు నొప్పించుకొనరాదు. గడియారము జరిగినది, ప్రేమ జరుగలేదు.

ఇక ఆకుల ముచ్చట. అక్టోబరులో అమెరికా ఈశాన్య భాగమున చెట్లు ఎరుపు, పసుపు, నారింజ రంగులకు తిరుగును. అచటివారు ఆ ఋతువును ఫాల్ అందురు, అనగా రాలుట. పగలు తగ్గి చలి ముదురగా చెట్టు ఆకులోని సారమును వెనుకకు లాగుకొనును. ఆకుపచ్చదనము నిచ్చు పదార్థము విరిగిపోగా లోన దాగియున్న పసుపు బయటపడును. కొన్ని చెట్లలో ఎరుపు క్రొత్తగా పుట్టును. పిమ్మట ఆకు తొడిమ వద్ద తెగి రాలును. మన టేకు, మోదుగు కూడ ఆకు రాల్చును గాని శరత్తున కాదు. శిశిరమున, నీటి కరవునకు జడిసి రాల్చును. అక్కడి చెట్టు చలికి వెరచి ముడుచుకొనును. ఇక్కడి చెట్టు ఎండకు వెరచి ముడుచుకొనును. పాఠ్యగ్రంథములలో ఆటమ్ అను ఆంగ్లపదమునకు శరదృతువు అనియు, ఆకురాలు కాల మనియు వ్రాయుట కలదు. పాఠము చెప్పిన దినములలో ఈ రెండింటిని కలుపవద్దని నేను పిల్లలకు చెప్పుచుంటిని. మన శరత్తు చెరువులు నిండి చేలు పండు ఋతువు. వారి ఆటమ్ ప్రకృతి తలుపులు మూసికొను ఋతువు. తేదీలు కలిసినవి గాని మనస్సులు కలియలేదు. అందువలననే ఇక్కడ బతుకమ్మ సంబరములో నున్న తల్లితో మాటలాడు వేళ అక్కడి బిడ్డ గొంతు ఒకింత దిగులుగా వినబడవచ్చును. దానికి ఋతువు కూడ ఒక కారణమని తల్లి ఎరిగియుండుట మేలు.

భూమధ్యరేఖకు దక్షిణమున ఋతువులే తలక్రిందులగును. పందొమ్మిదవ శతాబ్దమున చెరకు తోటల పనికై మన తెలుగువారు మారిషసునకు పోయిరి. 1860వ సంవత్సరమునుండి దక్షిణాఫ్రికాలోని డర్బను ప్రాంతమునకు పోయిరి. వారి సంతతివారు నేటికిని ఉగాది జరుపుకొనుచున్నారు. మారిషసులో అది ప్రభుత్వపు సెలవు దినము. అయితే మనకు చిగురు తొడుగు ఉగాది వారికి శరత్తు మొదట వచ్చును. ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమున బతుకమ్మ ఆడు మన ఆడుబిడ్డలకు ఆ దినములలో వసంతము. తంగేడు లేని చోట దొరికిన పూలతో పేర్చుకొందురు. పంచాంగము పుట్టిన ఊరినే చెప్పును. పాదములు వేరొక ఋతువున నిలిచియుండును. అటువంటి వానిని ‘ఇప్పుడు మీకు శరత్తా, వసంతమా?’ అని ముందుగా అడుగుట మర్యాద.

మన శరత్తులో ఆరోగ్యమును గూర్చి ఒక్క ముక్క. వానలలో కూడిన పిత్తము శరత్తున ప్రకోపించునని ఆయుర్వేదము. వైద్యులకు ఈ ఋతువు తల్లి వంటిదని పెద్దలు నవ్వుచు చెప్పుదురు. డెంగ్యూ జ్వరమును తెచ్చు దోమ మురికి నీటికంటె ఇంటి తొట్లలో, పాత టైర్లలో నిలిచిన తేట నీటినే కోరును. వారమునకొకసారి తొట్టి కడిగి ఆరబెట్టినచో వైద్యుని తల్లికి మన ఇంట పని తగ్గును.

శ్రోతలారా! ఇంతదాక చెప్పినదాని సారమిది. వాతావరణమును గూర్చిన మాట క్షేమమును గూర్చిన మాటయే. ఎట్టి పరిచయము లేనివానితోనైనను, అలిగిన కొడుకుతోనైనను, సముద్రముల కవతల నున్న మనుమరాలితోనైనను ఆరంభింపదగిన మాట అదొక్కటియే. ఇల్లు, కులము, డబ్బు, పెండ్లి, వీనిని గూర్చి అడుగుటకు జంకు కలుగవచ్చును. వానను గూర్చి అడుగుటకు జంకు లేదు. ఆ తలుపు గుండ లోనికి పోయి అసలు సంగతి తెలిసికొనవచ్చును. అయితే తెలిసి అడుగవలెను. ప్రక్క చేని రైతును వాన వెలిసినదా యని యడిగి ఊరకుండక, పరదాలున్నవా, కుప్ప మెరక మీద నున్నదా యని కూడ అడుగుడు. గల్ఫులో నున్న వానిని ఎండను గూర్చి అడుగుడు. లండనులో నున్న వానిని చీకటిని గూర్చి అడుగుడు. న్యూజెర్సీలో నున్న వానిని ఆకులను గూర్చి అడుగుడు. మెల్బోర్నులో నున్న వానిని చిగురును గూర్చి అడుగుడు. తన ఆకాశము ఎట్టిదో ఇంటివారికి తెలియునని గ్రహించిన బిడ్డ రెండు మాటలు ఎక్కువగా మాటలాడును.

మన ఊళ్లలో కార్తెల లెక్క తెలిసినవారు తగ్గుచున్నారు. అది మీవంటి పెద్దల యొద్దనే మిగిలియున్నది. దానిని ఉంచుకొనుడు, పిల్లలకు చెప్పుడు, వారి యొద్ద రంగుల హెచ్చరికల భాషను మీరు నేర్చుకొనుడు. ఈ యిచ్చిపుచ్చుకొనుట జరిగిన ఊరిలో స్వాతి వాన వచ్చినను వడ్లు తడియుట కొంత తగ్గును.

చెరువులు నిండుగాక, కల్లములు పొడిగా నుండుగాక. ఇంట నున్నవారును, పరదేశమున నున్నవారును నూరు శరత్తులు చూతురుగాక.

సెలవు.